దూడ లేని గేదె

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. మనిషి కూడా ఒక జంతువేనని అందరూ ఒప్పుకుంటే మూగజీవాల మీద దయ దానంతటదే పుడుతుందని రాశావు. ఆ మాట నాకు సగమే నిజమనిపించింది, కానీ మిగతా సగం ఏమిటో మొన్న మా కొట్టంలో గేదెను చూసేదాకా తేల్చుకోలేకపోయాను.

మా గేదె ఈనిన ఐదో రోజున దూడ చనిపోయింది. పాలు తీసే ఆయన దాని తోలు ఒలిపించి, ఆరబెట్టి, లోపల గడ్డి కూరి, కర్రలు కాళ్లుగా అమర్చి గేదె ముందు నిలబెట్టాడు. గేదె దాన్ని మెడ నుంచి తోక దాకా నాకి, ఒక్కసారిగా పాలు చేపింది. కొన్నాళ్లకు ఆ తోలులో దూడ వాసన పోయింది కాబోలు, నాకడం మానేసి, పలుపు బిగిసేలా లాగుతూ దొడ్డి గుమ్మం వైపు చూసి అరవసాగింది. అప్పుడు ఆయన పూటపూటా ఇంజక్షన్ వేద్దామన్నాడు.

అది ఆక్సిటోసిన్. మా చెల్లెలి కాన్పులో నొప్పులు రావడానికి సెలైన్‌లో కలిపి ఎక్కించినదీ అదే. తొమ్మిది అమైనో ఆమ్లాలతో ఏర్పడిన ఆ హార్మోను బాలింతరాలిలో పాలు దింపినట్టే గేదెలోనూ దింపుతుంది, రెంటిలోనూ దాని నిర్మాణం ఒక్కటే. 1953లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విన్యోకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత దగ్గరి చుట్టరికం తెలిసి కూడా, ఆ తెలివిని గేదె నుంచి ఇంకో శేరు పిండుకోవడానికే వాడుతున్నాం కదా!

కాబట్టి పోలికను ఏ వైపు నుంచి మొదలుపెడుతున్నామన్నది ముఖ్యమని నా నమ్మకం. మన భాషలో పశువన్న మాటే తిట్టు. విద్య లేనివాడు వింత పశువంటాం. ఆహారం, నిద్ర, భయం, మైథునం పశువుకూ మనిషికీ సమానమేనని ఒప్పుకున్న సంస్కృత శ్లోకం కూడా ధర్మం లేనివాణ్ణి పశువుతో జమకట్టే ముగుస్తుంది. అలాంటి చోట మనిషీ జంతువేనంటే మనిషి ఒక మెట్టు దిగినట్టు వినిపిస్తుందే తప్ప గేదె ఒక మెట్టు ఎక్కినట్టు వినిపించదు. పైగా, పులి జింకను తినడం లేదా, మనం చేస్తే తప్పేమిటని అడిగేవాళ్లకు అది సాకుగా పనికొస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాక్ బాస్టియన్, ఆయన సహచరులు 2012లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఈ తేడాయే కనిపించింది. జంతువులు మనుషులను ఎలా పోలి ఉంటాయో ఆలోచించిన వారిలో వాటి మీద పట్టింపు పెరిగింది, మనుషులు జంతువులను ఎలా పోలి ఉంటారో ఆలోచించిన వారిలో అలా పెరగలేదు.

డార్విన్ 1871లో మనిషికీ ఉన్నత స్థాయి జంతువులకూ మనసులో ఉన్న తేడా మోతాదులోనిదే గానీ రకంలోనిది కాదని రాసినప్పుడు, వాటిలోని భయాన్నీ మమతనూ ఓపికగా ఎత్తి చూపాడు. చుట్టరికం తెలిసినంత మాత్రాన ఆయనకూ చిక్కు తీరలేదు. 1875లో బ్రిటన్ రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం ముందు జీవుల మీద ప్రయోగాలు కొన్ని అవసరమేనని చెబుతూనే, వాటిలోని క్రూరత్వాన్ని తీవ్రంగా అసహ్యించుకున్నాడు.

ఒక్క భయం మాత్రం నన్ను వదలడం లేదు. పోలికే దయకు కొలబద్ద అయితే, కళ్లతో మనల్ని కట్టిపడేసే గేదెకు దక్కేది బుట్టలో ఎగిరెగిరి పడే కొరమేనుకు దక్కదు. ఆంగ్ల తత్వవేత్త బెంథామ్ 1789లోనే, జంతువులు ఆలోచించగలవా, మాట్లాడగలవా అని కాదు, బాధపడగలవా అని అడగమన్నాడు. నాకు ఆ ప్రశ్నే గట్టి ఆధారంగా తోస్తుంది. మన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం జంతువంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా అని నిర్వచించి మనల్ని ఆ వరుస నుంచి బయట పెట్టింది, అయినా అదే చట్టంలోని 12వ సెక్షన్ పాల కోసం పశువు ఆరోగ్యం చెడేలా సూది మందు వేయడాన్ని నేరమంది. చుట్టరికం ఒప్పుకోకుండానే బాధను గుర్తించిన చట్టమది.

ఇంజక్షన్ వద్దని చెప్పేశాను. ఇప్పుడు పాలు తీసే వేళకు మా అమ్మ తవుడు కలిపిన కుడితి ముందు పెట్టి, పొదుగు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మెడ నిమురుతూ కూర్చుంటోంది. పాలు సగానికి సగం తగ్గాయి. గేదె ఇంకా సాయంత్రం పూట గుమ్మం వైపు చూస్తూనే ఉంది. నీ అభిప్రాయం వివరంగా రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు