స్టాంపు పది రూపాయలు, షిప్పింగ్ నూట ఎనభై: మా కస్టమర్లకు పోస్టేజీ సంగతి

మన శనివారం స్టాంపుల వేలంపాటలో పాల్గొనే అందరికీ నమస్కారం. ఈ మధ్య చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "బయట ఇదే స్టాంపు రూపాయికి మొదలవుతోంది, మీ దగ్గర అరవై నుంచి ఏంటండీ?" అడగాల్సిన ప్రశ్నే. దానికి సమాధానం చెబుతూ, వచ్చే నెల నుంచి మా పోస్టేజీ లెక్క ఎలా ఉండబోతోందో కూడా చెప్తాను.

మొన్న తెనాలి నుంచి ఒక మాస్టారు కవరు పట్టుకుని విజయవాడలోని మా షాపుకి వచ్చారు. 1986లో విడుదలైన అల్లూరి సీతారామరాజు స్టాంపును ఆయన ఒక ఆన్‌లైన్ వేలంలో పది రూపాయలకి పాడుకున్నారు. షిప్పింగ్ కింద 180 కట్టించుకున్నారట. కవరు తిప్పి చూశాను. పైన అంటించింది ఐదు రూపాయల స్టాంపు, అంటే మామూలు ఉత్తరం రేటు. ట్రాకింగ్ నంబరు లేదు. లోపల స్టాంపుకి దన్నుగా అట్టముక్క కూడా పెట్టలేదు. దారిలో మడత పడి, స్టాంపు అంచున ఉండే పళ్లు ఒక మూల రెండు ఊడిపోయాయి. వెనక్కి పంపుతానంటే స్టాంపు డబ్బులు పది ఇస్తాం గానీ షిప్పింగ్ రిఫండ్ ఉండదన్నారట. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లలకి స్టాంపులు అలవాటు చేయాలని తన జీతంలోంచి కొంటున్న మనిషి ఆయన.

ఇలా ఎందుకు చేస్తారో తెలుసుకుంటే మోసం ఎక్కడుందో పట్టుకోవచ్చు. చాలా వేలం సైట్లు పాట ఎంతకి ముగిసిందో దాని మీదే కమీషన్ తీసుకుంటాయి. కమీషన్ పది శాతం అనుకుందాం. 190 రూపాయలకి అమ్మి షిప్పింగ్ ఉచితం అంటే సైటుకి 19 కట్టాలి. అదే పదికి అమ్మి 180 షిప్పింగ్ అంటే కట్టేది ఒక్క రూపాయి. పైగా తక్కువ ధర నుంచి వరస పెట్టి చూసేవాళ్లకి ఆ లాటే (పాటకి పెట్టిన వస్తువే) ముందు కనిపిస్తుంది. సరుకు తిరిగొచ్చినా షిప్పింగ్ డబ్బులు అమ్మినవాడి దగ్గరే ఉండిపోతాయి. ఒక్క అంకె అటు నుంచి ఇటు జరిపితే మూడు లాభాలు.

ఇది మన దగ్గర పుట్టిన విద్య కాదు. ఈబే అనే అమెరికా వేలం సైటులో ఇది ఎంత ముదిరిందంటే, చివరికి 2011లో అమెరికాలో ఆ కంపెనీ షిప్పింగ్ మొత్తం మీద కూడా కమీషన్ వేయడం మొదలుపెట్టింది. అంతకుముందే టంజిమ్ హుస్సేన్, జాన్ మోర్గన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈబేలోనే పాటలు పెట్టి పరీక్షించి, ఫలితాలు 2006లో ప్రచురించారు. ఒకే రకం సీడీలు, వీడియో గేములు. కొన్నింటికి ప్రారంభ ధర 4 డాలర్లు, షిప్పింగ్ సున్నా. మరికొన్నింటికి ప్రారంభ ధర ఒక్క సెంటు, షిప్పింగ్ 3.99 డాలర్లు. కొనేవాడికి రెండూ ఒకటే. అయినా ఒక్క సెంటు దగ్గర మొదలైన పాటలకే ఎక్కువమంది వచ్చారు, మొత్తం కలిపితే డబ్బు కూడా వాటికే ఎక్కువ వచ్చింది. చదువుకున్నవాళ్లు, లెక్క తెలిసినవాళ్లు కూడా పాట వేడిలో షిప్పింగ్ లైను వైపు చూడరు. మా పాటలో అరవై అని కనబడగానే కొందరు వెళ్లిపోతున్నారని నాకు తెలుసు. ఈ ఏడాది కొత్తగా చేరేవాళ్లు తగ్గారు కూడా. అయినా మా పద్ధతి మార్చుకునే ఉద్దేశం లేదు.

ఇప్పుడు అసలు ఖర్చు చూడండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, అక్టోబరు 1 నుంచి కొత్త రేట్లు వచ్చాయి. 50 గ్రాముల లోపు కవరు ఊళ్లోనే అయితే 19 రూపాయలు, బయట ఊరు ఏదైనా 47. స్టాంపులు, ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజు ముద్ర వేసిన కవర్లు) పంపే మాలాంటి వాళ్లకి నూటికి తొంభై కవర్లు ఈ బరువు దాటవు. 47కి 18 శాతం జీఎస్టీ కలిపితే 55 రూపాయల 46 పైసలు. కవరు మీ చేతికే అందాలంటే రిజిస్ట్రేషన్ విడిగా తీసుకోవాలి, అది ఐదు రూపాయలు, దానికీ జీఎస్టీ. అన్నీ కలిపి 61 రూపాయల 36 పైసలు. దీని మీద ప్లాస్టిక్ స్లీవు, రెండు అట్టలు, వాన కాలంలో తడవకుండా పాలిథిన్ కవరు, బయట మందపాటి కవరు. ఇవన్నీ హోల్‌సేల్‌గా కొంటే పదమూడు, పద్నాలుగు రూపాయలు పడుతున్నాయి. కాబట్టి విజయవాడ దాటిన ప్రతి చిన్న కవరుకీ 75 తీసుకుంటాం. అందులో మాకు మిగిలేదేమీ లేదు, మిగలాల్సింది స్టాంపు మీదే. అందుకే మా పాట రూపాయి దగ్గర కాక అరవై దగ్గర మొదలవుతుంది.

షిప్పింగ్ ఎక్కువ వేసిన ప్రతివాడూ దొంగ అనడం కూడా అన్యాయమే. ఆల్బమ్‌లు, స్టాక్ బుక్కులు (స్టాంపులు దాచుకునే అరల పుస్తకాలు) పంపేటప్పుడు లెక్క వేరు. కొరియర్ వాళ్లు అసలు బరువు, పెట్టె సైజు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 40, 30, 15 సెంటీమీటర్ల పెట్టె అనుకోండి, లోపల కేజీన్నరే ఉన్నా 3.6 కేజీల డబ్బులు కట్టాల్సిందే. మూలలు నలగకుండా చుట్టూ ఖాళీ వదిలి ప్యాక్ చేసిన కొద్దీ పెట్టె పెరుగుతుంది, బిల్లూ పెరుగుతుంది. అలాంటి లాట్లకి పాట మొదలయ్యే ముందే పెట్టె కొలతలు, కొరియర్ రేటు ఫొటోతో సహా గ్రూపులో పెడతాం. పాడాలో వద్దో అప్పుడు మీరే నిర్ణయించుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది ఒకరి దగ్గరే నాలుగైదు లాట్లు గెలిచినప్పుడు. లాటుకి 120 చొప్పున ఐదింటికి 600 వసూలు చేసి, అన్నీ ఒకే కవరులో పెట్టి పంపుతారు. ఐదు లాట్లు కలిపినా బరువు 250 గ్రాముల లోపే ఉంటుంది. ఆ స్లాబులో విజయవాడ నుంచి హైదరాబాద్‌కి స్పీడ్ పోస్ట్ 63, జీఎస్టీ, రిజిస్ట్రేషన్ కలిపితే సుమారు 80. మిగతా 520 ఎవరి జేబులోకి పోయిందో చెప్పక్కర్లేదు. ఎక్కడ కొన్నా సరే, పాడే ముందు "లాట్లు కలిపి పంపుతారా, కలిపితే ఎంత?" అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే పాడకండి. మీరు ఆ వస్తువుకి ఎంత పెట్టదలిచారో అందులోంచి షిప్పింగ్ ముందే తీసేసి, మిగిలిన అంకె దగ్గర ఆగిపోండి.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మేవాళ్లు మొత్తం ధరను ఒకే అంకెగా చూపించాలి, డెలివరీ, పోస్టేజీ, హ్యాండ్లింగ్ చార్జీలు అందులో ఎంతెంతో విడగొట్టి చెప్పాలి. ముందు చెప్పకుండా డబ్బు కట్టే దగ్గర కొత్త చార్జీలు తగిలించడాన్ని 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని బోల్తా కొట్టించే వెబ్‌సైటు ఎత్తులు) మార్గదర్శకాల్లోనూ తప్పుగా పేర్కొన్నారు. మీకు అలా జరిగితే స్క్రీన్‌షాట్లు దాచి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. కానీ ముందే 180 అని రాసి 180 తీసుకున్నవాడిని ఈ మార్గదర్శకాలతో పట్టుకోవడం కష్టం. అక్కడ మన కళ్లే మనకి దిక్కు.

మా వైపు నుంచి వచ్చే నెల మొదటి శనివారం నుంచి ప్రతి లాటు కింద పోస్టేజీ, ప్యాకింగ్ వేర్వేరుగా ఉంటాయి. కవరు పంపిన రోజే పోస్టాఫీసు రసీదు ఫొటో మీకు వాట్సాప్‌లో వస్తుంది. రసీదులో పడిన మొత్తం మేము పోస్టేజీ కింద తీసుకున్న దానికన్నా తక్కువుంటే తేడా మీ ఖాతాలో జమ చేస్తాం. లాట్లు నెల రోజుల దాకా మా దగ్గరే ఉంచుకుని ఒకే కవరులో తెప్పించుకోవచ్చు, పోస్టేజీ ఒక్కసారే. స్టాంపు మేము చెప్పిన కండిషన్‌లో లేకపోతే ధరతో పాటు పోస్టేజీ కూడా వాపసు, మీరు తిప్పి పంపిన ఖర్చూ మాదే.

గత రెండు శనివారాల్లో గెలిచి ఇంకా కవరు అందని వాళ్లకీ ఇదే లెక్క వర్తిస్తుంది. విజయవాడలో ఉన్నవాళ్లు పోస్టేజీ కట్టక్కర్లేదు, సాయంత్రం ఏడు లోపు షాపుకి వచ్చి తీసుకెళ్లండి.