120 మీటర్ల అవతలి బావి నీళ్లు మా పెరటికి తెచ్చిపెట్టినవారికి కృతజ్ఞతలు

బాపట్ల వైపు ఇసుకనేలలో 15 సెంట్ల పెరడు మాది. నీళ్లేమో 120 మీటర్ల అవతల, పక్కవాళ్ల తోటలో, రెండు మీటర్ల వ్యాసమున్న లోతు తక్కువ బావిలో. వంగ, బెండ, దొండపాదు, జామ ఈ ఎండలకు తట్టుకుని నిలిచాయంటే బావి వాడుకోనిచ్చిన బాబాయిగారు, మోటారు మేస్త్రీగారు, లైన్‌మ్యాన్‌గా చేసి విరమించిన పెద్దాయన, ఈ ముగ్గురి చలవే. చేతులెత్తి నమస్కారం. వాళ్లు చేసింది, చెప్పింది మరో నలుగురికి అక్కరకొస్తుందని రాసిపెడుతున్నాం.

మేస్త్రీగారు ముందుగా ఇంటి దగ్గరున్న మోటారు ఊడదీసి బావి గట్టున కూర్చోబెట్టారు. మోటారుకు నీటిని తోసే బలం ఎంతైనా ఉండొచ్చు, లాగే బలానికి మాత్రం హద్దుంది. లాగే వైపు నీటిని పైకెక్కించేది గాలి ఒత్తిడే. లెక్కకు 10 మీటర్లు, ఆచరణలో 6, 7 మీటర్లు మించి ఎక్కదు. 120 మీటర్ల పైపులో రాపిడికి పోయేది కూడా అందులోంచే తీసెయ్యాలి. పైగా సక్షన్ పైపులో (బావి నుంచి మోటారుకు నీళ్లు లాగే పైపు) జాయింటు వదులైతే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది. తడి కనబడదు కాబట్టి లోపం ఎక్కడుందో దొరకదు.

ఇప్పుడు సక్షన్ పైపు ఐదు మీటర్లే. బావి నుంచి మోటారు దాకా ఎక్కడా ఒంపు లేకుండా ఎక్కుతూనే పోయేలా బిగించారు. మధ్యలో మూపురంలా లేస్తే అక్కడ గాలి చేరి నీళ్లు తెగిపోతాయి. సక్షన్ పైపు కింది కొసన నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు, బావి నేల నుంచి కనీసం ఒక అడుగు ఎత్తులో ఉండాలి, లేకపోతే ఇసుక లాగుతుంది. అది మంచిదో కాదో చూడటానికి మేస్త్రీగారి పద్ధతి: రాత్రి మోటారు మీది గరాటు మూతిదాకా నీళ్లు పోసి వదిలెయ్యడం. తెల్లారేసరికి మట్టం దిగితే వాల్వు రెక్క కింద ఇసుక రేణువు ఇరుక్కుని ఉండొచ్చన్నమాట.

డెలివరీ వైపు, అంటే మోటారు నుంచి పెరటికి నీళ్లు తోసే వైపు, అంగుళం పైపు తీసి అంగుళంన్నర వేశారు. మా డ్రిప్‌కు నిమిషానికి 30 లీటర్లు కావాలి. ఆ ప్రవాహానికి 120 మీటర్ల అంగుళం పైపులో రాపిడికి పోయే బలం నీటిని దాదాపు 4 మీటర్ల ఎత్తుకు ఎక్కించడంతో సమానం. అంగుళంన్నరలో మీటరు కూడా ఉండదు. ప్రవాహం రెట్టింపైతే నష్టం మూడున్నర రెట్లవుతుంది. అందుకే పెద్ద మోటారు కొనేకన్నా లావు పైపు కొనడం మేలు.

పెద్దాయన చూపించిన తప్పు తీగలో ఉంది. అర హెచ్‌పీ మోటారు సుమారు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంటి నుంచి బావి గట్టు దాకా అంత దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే నడిచేటప్పుడే 12 వోల్టుల దాకా పడిపోతాయి, స్టార్టయ్యేటప్పుడు అంతకు కొన్ని రెట్లు. సాయంత్రం వోల్టేజీ తగ్గే వేళ మోటారు మూలిగి ఊరుకునేది అందుకే. కెపాసిటర్లు పోయేదీ అందుకే. 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో ఆ నష్టం 4, 5 వోల్టులకు తగ్గింది. తడినేల కాబట్టి ఎర్తింగు వేసి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) కూడా పెట్టించారు.

అన్నిటికన్నా విలువైన మాట బాబాయిగారిది: "బావిని ఒక్క ఊపున తోడొద్దు." మా తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద పొరలా తేలుతుంది. ఒకేచోట గట్టిగా లాగితే కింది ఉప్పునీరు పైకి ఎగదన్నుకొస్తుంది, ఆకుల అంచులు మాడతాయి. బాపట్ల శాస్త్రవేత్తలు మెరుగుపరిచిన దొరువు (ఇసుకనేలలో నీటికోసం తవ్వే లోతు తక్కువ గుంట) పద్ధతిలోనూ సూత్రం ఇదే: ఇసుకలో చిల్లుల పైపులు అడ్డంగా పరిచి, లోతుకు పోకుండా విశాలంగా పైపొర నీటినే సేకరించడం. ఉన్న బావికి మేం చేయగలిగింది అర హెచ్‌పీతో సరిపెట్టుకుని, రెండు పూటలా కొంచెం కొంచెం తోడటం.

పెరటిని మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి వాల్వు పెట్టారు. 16 మిల్లీమీటర్ల లాటరల్స్ (మొక్కల వరసల వెంట పరిచే సన్న పైపులు), వాటికి 30 సెంటీమీటర్లకో డ్రిప్పర్ (నీళ్లు చుక్కలుగా వదిలే రంధ్రం), ఒక్కోదాని నుంచి గంటకు 4 లీటర్లు. ఇసుకలో నీరు పక్కకు పాకదు, నేరుగా దిగిపోతుంది. ఎడం ఎక్కువైతే మధ్య మొక్క ఎండుతుంది. భాగానికి 10 నిమిషాల చొప్పున పూటకు అరగంట, 900 లీటర్లు. బావిలో అది సుమారు అడుగు నీరు. సాయంత్రానికి బావిలో నీళ్లు మళ్లీ ఊరి పాతమట్టానికి రాకపోతే ఆ పూట ఆపేస్తాం. ఇసుకను ఆపే 120 మెష్ ఫిల్టరు (సన్నని జల్లెడ) రెండురోజులకోసారి కడగాలి, లాటరల్ చివరి మూతలు వారానికోసారి విప్పి నీళ్లు వదలాలి.

పాత అంగుళం పైపు 120 మీటర్లు చుట్ట చుట్టి ఉంది. డ్రిప్ సబ్‌మెయిన్‌కు (లాటరల్స్‌కు నీళ్లు పంచే పైపు) బాగా పనికొస్తుంది. దగ్గర్లో ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకెళ్లండి, డబ్బులేమీ వద్దు.