ఆ పదిహేను ఓట్లు ఎందుకు చెల్లలేదు?

సంపాదకులు గారికి,

ఉపరాష్ట్రపతి ఎన్నిక మీద గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఎవరో ఒకరు జవాబు రాస్తారులే అని చూశాను. ఎవరూ రాయలేదు. అర పేజీ వ్యాసంలో ముప్పాతిక భాగం తెలుగువాడు నిలబడితే తెలుగు పార్టీలు ఎందుకు ఓటేయలేదన్న గోలే. మిగిలిన కాస్తలో ఆ పదవి 'అలంకారప్రాయం' అని తేల్చేసి, చిట్టచివర '15 ఓట్లు చెల్లలేదు' అని ఒక్క ముక్క పడేశారు. నాకు మండింది అక్కడే.

2025 సెప్టెంబరు 9న ఓటేసిన ఎంపీలు 767 మంది. అధికార కూటమి అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్‌కు 452, ప్రతిపక్షం నిలబెట్టిన మన తెలుగువాడు జస్టిస్ సుదర్శన్‌రెడ్డి గారికి 300. మిగతా పదిహేనూ చెత్తబుట్టలోకి. బ్యాలెట్ మీద ఉన్నవి రెండే పేర్లు. అక్కడ ఇచ్చిన పెన్నుతో, నచ్చిన పేరుకు ఎదురుగా 1 అంకె వేయాలి. అంతకు మించి పనేమీ లేదు. ఆ ఒకటి వేయడానికి కూడా రెండు కూటములూ ముందే ఎంపీలను కూర్చోబెట్టి క్లాసులు చెప్పాయి. ప్రతిపక్షం అయితే ఉత్తుత్తి పోలింగ్ కూడా పెట్టింది. అయినా ఇదీ సంగతి! పోనీ ఈసారికేదో జరిగిందనుకుందామంటే 2022లోనూ 15 చెల్లలేదు. 2017లో మన వెంకయ్యనాయుడు గారు గెలిచినప్పుడు 11.

టీచరుగా ఉన్నన్నాళ్లూ పంచాయతీ ఎన్నికల డ్యూటీలు చేశాను. అక్షరం ముక్క రాని ముసలమ్మలు స్వస్తిక్ ముద్ర గుర్తు మీద సరిగ్గా గుద్ది, ఇంకు పక్క గుర్తుకు అంటకుండా కాగితాన్ని నిలువునా మడిచి, ఒకసారి ఊది మరీ పెట్టెలో వేసేవాళ్లు. ఓటు విలువ తెలుసుకోండని వాళ్లకు మైకుల్లో చెబుతాం. చట్టాలు చేసేవాళ్లకు ఎవరు చెప్పాలి?

పొరపాటు కాదు, కావాలనే చెడగొట్టారని కొందరంటున్నారు. రహస్య ఓటింగు, పైగా ఈ ఎన్నికలో ఫలానావాళ్లకే వేయాలని పార్టీలు విప్ ఇవ్వడానికి లేదు. ఎవరికి వేసినా అడిగే నాథుడు లేనప్పుడు ఇక ఈ దొంగాట దేనికి? ఇష్టం లేకపోతే బీఆర్ఎస్, బీజేడీల్లా గడప తొక్కకుండా ఉండాల్సింది. (వాళ్ల పద్ధతీ నాకు నచ్చలేదనుకోండి, అది వేరే సంగతి.)

ఇక ఆ అలంకారం సంగతి. 1969 మేలో జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే పోతే, రాష్ట్రపతి బాధ్యతలు చూసింది ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారే. జులైలో ఆయన రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి రాజీనామా చేస్తే రెండు కుర్చీలూ ఖాళీ. చివరికి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా వచ్చి నెలకు పైగా దేశాన్ని నెట్టుకొచ్చారు. ఆయనే పదేళ్ల తరవాత ఏకగ్రీవంగా ఉపరాష్ట్రపతి అయ్యారు. 1977లో తాత్కాలిక రాష్ట్రపతిగా ఉండి, తొమ్మిది రాష్ట్రాల అసెంబ్లీల రద్దు ఫైలు మీద సంతకం పెట్టడానికి తటపటాయించి దిల్లీని టెన్షన్ పెట్టిన బి.డి. జత్తి కూడా ఉపరాష్ట్రపతే. 2018లో ప్రధాన న్యాయమూర్తి మీద అభిశంసన నోటీసును వెంకయ్యనాయుడు గారు రాజ్యసభ ఛైర్మన్ హోదాలోనే తోసిపుచ్చారు. ఇదంతా అలంకారమా? అసలు ఉపరాష్ట్రపతికి ఆ పేరు మీద జీతమే లేదు, వచ్చే నాలుగు లక్షలూ రాజ్యసభను నడిపినందుకే. దీన్ని మన పిల్లలు గ్రూప్-2 బిట్టుగా బట్టీ పడతారు. ఆ సభ ఎలా నడుస్తోందో మాత్రం ఎవడికీ పట్టదు, పేపర్లకు అసలే పట్టదు.

2025 జులై 21న అప్పటి ఉపరాష్ట్రపతి ధన్‌ఖడ్ గారు పొద్దున సభ నడిపి, రాత్రికి అనారోగ్యమంటూ రాజీనామా ఇచ్చారు. రెండు రోజులు హడావుడి చేసి మీరూ వదిలేశారు. తరవాత ఎవరొస్తారు, వాళ్లది ఏ కులం, ఏ రాష్ట్రం? అంతే మీ వార్తలు.

మా ఊరి రైల్వే గేటు గురించి ఎంపీ గారికి అర్జీ పెట్టుకుంటే, ఆధార్ నంబరు గడి ఖాళీగా ఉందని ఆఫీసులో వెనక్కి తిప్పి పంపారు. నా కాగితం ఎందుకు చెల్లదో నా మొహం మీదే చెప్పారు కదా. ఆ పదిహేను కాగితాల్లో ఎన్ని ఖాళీగా వేశారో, ఎన్నిట్లో టిక్కులు పెట్టారో, ఎన్నిట్లో పిచ్చిగీతలు గీశారో లెక్కపెట్టిన రాజ్యసభ సెక్రటరీ జనరల్ ఆఫీసును మీ దిల్లీ విలేకరి ఒకసారి అడిగి రాయాలి. పేర్లు మాకక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ మాస్టారు,
తెనాలి