బొమ్మ పోయింది, గొంతు మిగిలింది

సంపాదకునికి,

తొలి టాకీలపై వ్యాసాల్లో ‘ప్రింటు లేదు’ అని రాసి ఊరుకుంటున్నారు. వార్నర్ బ్రదర్స్ 1928లో విడుదల చేసిన హత్యల కథ ‘ది టెర్రర్’ (దర్శకుడు రాయ్ డెల్ రూత్) విషయంలో అది సగం నిజమే. రీళ్లు లేవు. మాటలున్న వైటాఫోన్ (ధ్వనిని విడిగా రికార్డు మీద పెట్టే పద్ధతి) రికార్డులు మాత్రం లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ ఫిల్మ్ భాండాగారంలో ఉన్నాయి. టైటిళ్లు కూడా తెరపై రాయకుండా నోటితో చెప్పించిన సినిమా ఇది. వినడానికి అంతకంటే ఏం కావాలి!

వైటాఫోన్ పద్ధతిలో ధ్వని ఫిల్మ్ మీద ఉండేది కాదు. వెయ్యి అడుగుల రీలుకొక 16 అంగుళాల రికార్డు, నిమిషానికి 33⅓ చుట్లు, సుమారు 11 నిమిషాలు. ముల్లు లోపలి అంచు నుంచి బయటికి నడిచేది. ఫిల్మ్ తెగితే పోయిన ఫ్రేములకు సరిగ్గా అన్నే నల్ల ఫ్రేములు అతికించాలి. లేకపోతే రీలు అయ్యేదాకా పెదవి ఒకచోట, మాట ఒకచోట. ఒక్కో రికార్డును ఇరవై సార్లకు మించి వేయకూడదని నియమం. అప్పటి సినిమాల నైట్రేట్ ఫిల్మ్ జిగురెక్కి, బుడగలొచ్చి, చివరికి పొడైపోతుంది. లక్కతో చేసిన ఈ రికార్డులకు ఆ తెగులు లేదు.

పాత సామాన్లలో ఇంత పెద్ద రికార్డు కనబడితే మామూలు ప్లేయర్‌పై వేయకండి. స్పిరిట్‌తో అసలే తుడవకండి, లక్క కరుగుతుంది. ఒక పక్కకు వాలకుండా నిటారుగా నిలబెట్టి, లేబుల్ ఫొటో తీసి ఏదైనా ఫిల్మ్ ఆర్కైవ్‌కు పంపండి.

– పాత సినిమాల అభిమానులు