జీన్ టెస్టు సంగతి తర్వాత, ముందు లిథియం టెస్టు ఇప్పించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది ఆదోని. మా తమ్ముడికి బైపోలార్ జబ్బు, అంటే కొన్నాళ్లు పట్టరాని హుషారు, కొన్నాళ్లు తీరని దిగులు కమ్మే మానసిక వ్యాధి. లిథియం మాత్రలతో నిలదొక్కుకుని పత్తి మిల్లులో పనికి పోతున్నాడు. చెల్లెలికి సంబంధం చూస్తుంటే మగపెళ్లివారు 'అమ్మాయికి జీన్ టెస్టు చేయించండి, రిపోర్టు చూశాక మాట్లాడుకుందాం' అన్నారు. 'అమ్మాయి వంశంలో పిచ్చి ఉందా' అని ఇదివరకు చాటుగా ఆరా తీసేవాళ్లు. ఇప్పుడు దర్జాగా ల్యాబు కాగితమే అడుగుతున్నారు. చేయించం అని చెప్పేశాం.

ఆ కాగితం తేల్చేదేముంది? ఈ జబ్బుల వెనక ఉండేది ఒక్క జన్యువు కాదు, వందలాది. ఒకే రూపు కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం లాంటివి ఉండే మానసిక జబ్బు) వచ్చినా, కనీసం సగం మందిలో రెండోవారికి రాదు. పైగా ఈ టెస్టులు చెప్పే రిస్కు లెక్కలు చాలావరకు యూరప్ మూలాలవాళ్ల జన్యువులు చూసి కట్టినవి. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలు బయటపెట్టొద్దంటుంది. మరి ఏ జబ్బూ లేని పిల్ల గుట్టు ఎవరు కాపాడాలి? డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి టెస్టులు అమ్మే ల్యాబులకు పగ్గం వేయండి.

జన్యు పరీక్షలే వద్దనడం లేదు. ఫిట్స్‌కూ, బైపోలార్‌కూ ఇచ్చే కార్బమజెపిన్ సంగతే చూడండి. హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యు రకం ఉన్నవాళ్లలో కొందరికి ఆ మాత్ర పడక ఒళ్లంతా బొబ్బలెక్కి, చర్మం ఊడి, ప్రాణం మీదికి వస్తుంది. ఆసియా మూలాలవారికి మాత్ర మొదలుపెట్టే ముందే ఈ పరీక్ష చేయాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2007లోనే చెప్పింది. కర్నూలు పెద్దాసుపత్రిలో దీన్ని ఉచితంగా చేయిస్తే మీకు దండం పెడతాం.

మనిషిని బట్టి మందు అంటే ఖరీదైన టెస్టులే కానక్కర్లేదు. లిథియం తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషం. రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1 మిల్లీమోల్ మధ్య ఉండాలి. మన ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గితే, రోజూ వేసుకునే మోతాదే ఎక్కువైపోవచ్చు. పోయిన వేసవిలో తమ్ముడి చేతిలో టీ గ్లాసు నిలవలేదు, నడక తూలింది, మాట ముద్దయింది. రక్తం తీసి ఊరి బయట ల్యాబుకు పంపారు. రిపోర్టు కోసం కూర్చోకుండా డాక్టరమ్మ ఆ పూటే మాత్ర ఆపించింది కాబట్టి సరిపోయింది. అందరికీ అలాంటి డాక్టరు దొరకదు కదా సార్.

జిల్లాలోని ఏరియా ఆసుపత్రులన్నిటిలో రక్తంలో లిథియం చూసే ఈ పరీక్ష పెట్టించి, ఏ రోజు రక్తం తీస్తే ఆ రోజే ఫలితం చేతికిచ్చేలా ఉత్తర్వు ఇవ్వండి. ఎండలు ముదరకముందే.

ఇట్లు,
ఒక రోగి అక్క,
ఆదోని, కర్నూలు జిల్లా