జూపార్కు వార్తంటే టికెట్ల లెక్కేనా?

సంపాదకుడు గారికి,

దసరా సెలవుల్లో నెహ్రూ జూపార్కు కిటకిటలాడిందని గతవారం మీరు వేసిన వార్త చదివాను. ఎంతమంది వచ్చారు, టికెట్ల మీద ఎంత వసూలైంది, పార్కింగుకు ఎన్ని తిప్పలు పడ్డారు, అన్నీ రాశారు. వచ్చిన పిల్లలు ఏం తెలుసుకుని వెళ్లారన్నది మాత్రం ఒక్క ముక్క లేదు.

1963లో జనానికి తెరిచిన ఈ జూ సింహాన్నీ ఏనుగునీ చూపించి పంపడానికే లేదు. నల్లమలలో అరుదైపోయిన మూషిక జింకను మన ఊళ్లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారి లాకోన్స్‌తో (అంతరించిపోతున్న జీవులను కాపాడే ప్రయోగశాల) కలిసి 2010 నుంచి ఇక్కడ పెంచుతున్నారు. కుందేలంత ఉంటుంది, కొమ్ములుండవు, ఒంటి మీద తెల్లటి చుక్కలూ చారలూ. పగలంతా పొదల చాటున నక్కి, చీకటి పడ్డాకే మేతకు కదులుతుంది. అలాంటి పిరికి ప్రాణిని నేరుగా వదిలేయకుండా, ముందు అడవిలోనే కంచె లోపల ఉంచి, అక్కడి మేత అలవాటయ్యాక నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో విడిచిపెట్టారు. ఇది మన ఊరి ఘనత కాదా? ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? రాబందుల కేంద్రమూ ఇక్కడే ఉంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల ఆ పక్షులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో పిల్లలకు చెప్పేవాళ్లేరి?

మొన్న కోతుల దగ్గర ఒకాయన కొడుకు చేతికి చిప్స్ ప్యాకెట్ ఇచ్చి మరీ లోపలికి విసిరించాడు. తప్పు బాబూ అన్నాను. "టికెట్ కొనుక్కునే వచ్చాం కదమ్మా" అన్నాడు. జంతువులను ఏడిపించినా, తిండి విసిరినా వన్యప్రాణి చట్టం ప్రకారం శిక్ష ఉందని చెబితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అదే రోజు ఒక ప్రైవేటు స్కూలు పిల్లలు వచ్చారు. టీచరు విజిల్ వేయడం, పిల్లలు పరుగెత్తడం, పులి ముందు గ్రూప్ ఫోటో, బిర్యానీ ప్యాకెట్లు, బస్సు. దీనికి తల్లిదండ్రుల దగ్గర ఎక్స్‌కర్షన్ ఫీజు! సైన్సు పాఠాన్ని ప్రశ్నలు జవాబులుగా బట్టీ పట్టించే చదువులో ఇంతకంటే ఏం జరుగుతుంది? విద్యాశాఖ అధికారులకు ర్యాంకుల టెన్షన్ తప్ప ఇంకోటి పట్టదు.

జూకు పిల్లలను తీసుకెళ్లే ప్రతి స్కూలూ ముందురోజు ఒక్క పీరియడ్ ఆ జంతువుల గురించి చెప్పి తీరాలని విద్యాశాఖ ఉత్తర్వులివ్వాలి. మీరు కూడా వారానికొక జంతువు గురించి పిల్లల పేజీలో రాయండి. మూషిక జింకతో మొదలుపెట్టండి.

– విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, మలక్‌పేట, హైదరాబాద్