నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: పిల్లలకు హోమ్ కాదు, ఇల్లు కావాలి

అయ్యా,

విదేశీ సాయం అనగానే పిల్లలను ఉంచే కొత్త హోమ్ (వసతి గృహం) కట్టే ఆలోచన ముందుకొస్తుంది. దయచేసి ఆ దారి వద్దు. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి వేరు చేయొద్దని ఐక్యరాజ్యసమితి 2009 మార్గదర్శకాలు చెప్తున్నాయి. వలస పోయే కుటుంబాలున్న దేవరకొండ వైపు ముందు చూడాల్సింది ఇదే.

సొంత ఇంట్లో ఉండలేని బిడ్డకు హోమ్ బదులు ఫోస్టర్ కేర్ ఉంది, అంటే బిడ్డను కొంతకాలం మరో కుటుంబంలో ఉంచి పెంచడం. ఇది దత్తత కాదు. కేంద్రం బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఇందుకు బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వస్తయి. ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా పైసలు ఆగొచ్చు. బిడ్డను పంపే ముందే రెండూ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. అన్నాచెల్లెళ్లను వీలైనంతవరకు ఒకే ఇంట్లో ఉంచాలని, బాలల సంక్షేమ సమితి నెలనెలా ఆ ఇంటికి పోయి చూడాలని 2015 బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్‌లోనే ఉంది. ఆ రాకపోకలకు బండి, మనిషి కావాలి.

అసలు లోటు బిడ్డను పెంచే కుటుంబాలకు ఇచ్చే శిక్షణలో ఉంది. కొత్త ఇంట్లో బిడ్డ రొట్టె ముక్క దిండు కింద దాచుకుంటే అది దొంగతనం కాదు, రేపు దొరకదన్న భయం. తిట్టకుండా, చేతికందే చోట ఓ డబ్బాలో తినేవి పెట్టాలి. ఇట్లాంటివి నేర్పించేందుకు హైదరాబాద్‌లోని యునిసెఫ్ కార్యాలయానికి మీరే లేఖ రాయండి. భవనం అడగొద్దు, శిక్షకులను అడగండి.

ఇట్లు,
బాలల సంరక్షణలో పనిచేసే కార్యకర్తలు, నల్లగొండ